ఆక్సిరింకసు నేఁతగాని పత్రములు

ఈజిప్టుదేశమునఁ గైరోనగరమునకు దక్షిణముగా, నైలునదికిఁ బడమటి ప్రక్కను, బహ్నసా యను పల్లె యొకటి కలదు. గ్రీకురాజులును, వారి వెనుక రోమకచక్రవర్తులును ఆదేశము నేలిన కాలమున నచ్చట ఆక్సిరింకసు అను పెద్దపట్టణ ముండెను. వాఁడిముక్కుగల యొక నైలుచేఁప యచ్చటివారికిఁ బూజ్యమగుటచే గ్రీకు లాచేఁప పేరే పట్టణమునకుఁ బెట్టిరి. కట్టడముల రాళ్లను దరువాతివారు పెఱికికొనిపోయిరి. మిగిలినవి చెత్తదిబ్బలు. 1896వ సంవత్సరము చివర గ్రెన్‌ఫెల్, హంట్ అను నిరువు రాంగ్లపండితు లాదిబ్బలను ద్రవ్వ నారంభించిరి. వారు వెదకఁబోయినవి నష్టములైన గ్రీకుకావ్యములును, గ్రైస్తవమతపుఁ దొలినాళ్ల గ్రంథములును. అవియుఁ గొన్ని దొరకినవి. కాని గంపలకొలఁది దొరకినవి వేఱు. పన్నురసీదులు, అప్పుపత్రములు, కౌలుకాగితములు, అర్జీలు, ఇంటిలెక్కలు, జాబులు. ఆదిబ్బల లేఖనములలో సాహిత్యభాగము నూటికిఁ బదిపాళ్లని లెక్కకట్టుదురు. తక్కినదంతయు నిట్టిదే.

దక్షిణదేశపుఁ బండితులకు ఆక్సిరింకసు పేరు క్రొత్తది కాదు. 1903లో నచ్చైన యొక గ్రీకుప్రహసనమున హిందూదేశపు రాజును, అతని పరివారమును బలుకు మాటలు కన్నడమని హుల్చ్ పండితుఁడు 1904లో వాదించెను. కొంద ఱంగీకరించిరి, కొందఱు కాదనిరి, ఐకమత్యము కుదురలేదు. ఆవాద మెఱిఁగినవారిలోఁ బెక్కుమంది ఆదిబ్బలలోనే దొరకిన పద్దుకాగితముల సంగతి యెఱుఁగరు. ఇది విచారింపఁదగిన విషయము. కావ్యమునకుఁ బ్రత్యంతరము లుండును. ఒకచోట నశించినను వేఱొకచోట బ్రతుకవచ్చును. ఒక సాలెవాఁడు మగ్గము కొన్న క్రయపత్రమునకుఁ బ్రత్యంతర మెవఁడు వ్రాసికొనును? ఆకాగితము పోయిన నాసాలెవాఁడును బోయినట్లే.

పాపిరస్ అనునది తుంగజాతి మొక్క. నైలునది బురదనేలలలో మనుష్యప్రమాణమునకు మించి పెరుగును. దాని కాఁడలోని బెండును బలుచని పట్టెలుగాఁ గోసి, యొకవరుస నిలువుగను, దానిపై నొకవరుస యడ్డముగను బఱచి, యదిమి యెండఁబెట్టినచో ఱేకు సిద్ధమగును. తాటియాకుపై గంట మాకును జీల్చి వ్రాయును. పాపిరసుపై ఱెల్లుకలము సిరాను బూసి వ్రాయును. తేమ తగిలిన రెండును గుళ్లిపోవును. గోదావరిగట్టునఁ బాఱవైచిన తాళపత్రము కొన్నివర్షములకే మట్టియగును. ఆక్సిరింకసు దిబ్బలు వానలేని యెడారియంచున, నదీజలము చేరని మెట్టమీఁద నుండుటచేతనే రెండువేలయేండ్లనాఁటి చెత్త నేఁడు చదువవచ్చుచున్నది.

ఆచెత్తలో నొక కుటుంబపుఁ బత్రములు కొన్ని కలవు. గ్రెన్‌ఫెల్, హంట్‌లు 1898లోను, 1899లోను బ్రకటించిన మొదటి రెండు సంపుటములలో నవి చెదరియున్నవి. పత్రముల యజమాని పేరు ట్రూఫోను, తండ్రి డయొనీసియసు, వృత్తి నేఁత. ఇతఁడు చక్రవర్తి కాఁడు, సేనాని కాఁడు, కవి కాఁడు. ఏచరిత్రకారుఁడు నితని పేరెత్తలేదు. అంతకన్న విశేష మేమనఁగా, ఇతనికి వ్రాఁత రాదు. ఇతని పత్రములన్నియు నితరులు వ్రాసిపెట్టినవే. తాను జదువలేని కాగితముల నీతఁడు జాగ్రత్తగా దాఁచుకొనెను.

క్రీస్తుశకము 11–12వ సంవత్సరపు జనపరిగణనమున నితఁడు మూఁడేండ్లబాలుఁడుగాఁ గానవచ్చును. తాత పేరును ట్రూఫోనే. తాతపేరు మనుమనికిఁ బెట్టుట యచ్చటను వాడుకయే. వయస్సు వచ్చినది మొదలు పన్నులు. తలపన్ను, నేఁతపన్ను, పందిపన్ను, గట్లపన్ను. ఈకడపటిది కాలువగట్ల పోషణమునకై విధించినది. సాలీనా ఆఱు ద్రాక్మలు నాలుగు ఒబొలులు. కట్టినప్పుడెల్ల రసీదు పుచ్చుకొనుటయు, దానిని బాఱవేయకుండుటయు నీతని స్వభావము. పన్ను రెండవమాఱు కట్టుమని యడుగు నధికారియెదుట నీచీటికంటె వేఱు రక్ష లేదు.

ఇచ్చట నాణెముల మాట కొంత చెప్పవలసియున్నది. భాస్కరాచార్యుని లీలావతి చదివినవారు పదునాఱు పణములు ద్రమ్మ మగునని యెఱుఁగుదురు. ఆద్రమ్మశబ్దము గ్రీకుల ద్రాక్మశబ్దమునుండి వచ్చినదే. నాలుగు ద్రాక్మలు ఒక స్టాటరు. ఆఱువేల ద్రాక్మలు ఒక టాలెంటు. ఐతే వెండిద్రాక్మ వేఱు, లెక్కలలోని రాగిద్రాక్మ వేఱు. రాగిద్రాక్మవిలువ మిక్కిలి పడిపోయినది. ఈభేద మెఱుఁగక యీపత్రములఁ జదువువాఁడు పేదసాలెను గోటీశ్వరునిగాఁ దలఁచును.

ట్రూఫోనుకు మొదటిభార్య డెమెట్రూసు. ఆమె తన్ను విడిచి, యింటివస్తువులఁ గొన్నిటిని దీసికొని పోయెనని యతఁ డధికారికిఁ బెట్టుకొన్న యర్జీ కలదు. తనశక్తికి మించి యామెను బోషించితి నని యందులో మొఱపెట్టుకొన్నాఁడు. డెమెట్రూసు పక్షపు మాట యేపత్రమునను మిగులలేదు గనుక దీనిని సగమే నమ్మవలెను. క్రీ. శ. 37లో సరాయూసు అను నామె యతని కిల్లాలయ్యెను. వారి వివాహపత్రము చిత్రమైనది. ఆకృతికి నది యప్పుపత్రము. ట్రూఫోను సరాయూసువద్ద డెబ్బదిరెండు వెండిద్రాక్మలు అప్పు తీసికొన్నట్లు వ్రాయఁబడినది. నలువది ద్రాక్మల రొక్కము, ఇరువది ద్రాక్మల వెలగల బంగారుపోఁగులజత, పండ్రెండు ద్రాక్మల వెలగల పాలవన్నె యంగీ. అప్పను పేరుతో నున్నది స్త్రీధనమే. అప్పుగా వ్రాయించుటచేత, ఎడఁబాటు కలిగినచో ధర్మశాస్త్రవిచారముతోఁ బనిలేక సామాన్యపు బాకీవలె రాఁబట్టుకొన వీలయ్యెను. ఆస్త్రీపక్షమువారు లౌక్య మెఱిఁగినవారు.

ఈపత్రములన్నిటిలోఁ బ్రాణముతోఁ గూడినది క్రీ. శ. 49వ సంవత్సరము మార్చి 29వ తేదీనాఁటి న్యాయస్థానపు వ్రాఁత. ఆకాలమున బీదలు, ముఖ్యముగాఁ బోషింపలేనివారు, శిశువులను జెత్తకుప్పలపై విడుచుట కలదు. ఎత్తుకొనిన వానికి ఆశిశువు దాసుఁ డగును. పెసూరిసు అనువాఁ డట్లే యొక మగశిశువును గుప్పమీఁదినుండి యెత్తుకొని, పాలిచ్చి పెంచుటకు సరాయూసునకుఁ గూలి కిచ్చెను. ఆమెకును అప్పుడు చంటిబిడ్డ యుండెను. ఇంటిలో నిద్ద ఱేకప్రాయపు బిడ్డలు. ఇద్దఱిలో నొకఁడు చనిపోయెను. చనిపోయినది యెవరి బిడ్డ?

బ్రదికినది తన దాసుఁడే యని పెసూరిసు వాదము. శిశువునకు సరిగాఁ దిండిపెట్టకుండుటచేఁ దాను దీసికొనిపోఁగా, సరాయూసు తన యింట జొరఁబడి స్వతంత్రుఁడైన తన బిడ్డయని మరల నెత్తుకొనిపోయెనని యతని పక్షపు వకీలు చెప్పెను. సరాయూసు చెప్పినది నాలుగైదు చిన్నవాక్యములు మాత్రమే. తన బిడ్డకుఁ బాలు మాన్పించితిననియు, వీరి శిశువు తనచేతి కియ్యఁబడెననియు, మొత్తమున కెనిమిది స్టాటరులు పుచ్చుకొంటిననియు, గడువు తీఱకుండఁగనే యాశిశువు చనిపోయెననియు, ఇప్పుడు తన కన్నబిడ్డను లాగికొనఁ జూచుచున్నారనియు.

ఈవాక్యములలో శబ్దప్రయోగము గమనింపఁదగినది. తన బిడ్డనుగూర్చి యామె వాడిన మాటలు పైదియోన్, టెక్నోన్. బిడ్డ, సంతానము అని వాని యర్థము. చనిపోయినవానిని సోమాతియోన్ అనెను. శరీరవాచకమగు సోమశబ్దముపై అల్పార్థప్రత్యయము చేరఁగా నేర్పడిన రూప మిది. సంస్కృతమున అల్పార్థమునఁ గన్‌ప్రత్యయము వచ్చినట్లే. నాఁటి పత్రభాషలో శరీర మనఁగా దాసుఁడని రూఢి. పాలిచ్చి పెంచిన తల్లినోట ఒకబిడ్డ బిడ్డయు, రెండవబిడ్డ చిన్నశరీరమును ఐనవి. వ్రాయసకాఁ డామాటలను మార్చి వ్రాసెనేమో యని శంకింపవచ్చును గాని, రెండు పక్షముల మాటలను వేఱువేఱు తీరుల నతఁడు వ్రాసియుండుటచే నీప్రయోగ మామెదే యనుట యుక్తము. నిఘంటువులలో నీయర్థము చేర్చుటకు నిట్టి కాగితములే యాధారమైనవి.

తీర్పు చెప్పినవాఁడు పాసియోను అను మండలాధికారి. శిశువు పోలిక సరాయూసుదిగాఁ గానవచ్చుచున్నదనియు, అప్పగింపఁబడిన శిశువు చనిపోయెనని యామెయు భర్తయు వ్రాసియిచ్చినచో, పుచ్చుకొన్న సొమ్ము మరలనిచ్చి తన బిడ్డను దానుంచుకొన వచ్చుననియు నతఁడు నిర్ణయించెను. ముఖపుఁ బోలిక యొకటి, చేవ్రాఁత యొకటి, సొమ్ము మరలింపు ఒకటి. ఈమూఁటిపై నొక బాలుఁడు దాసుఁడు గాకుండఁ దప్పించుకొనెను. ఎనిమిది స్టాటరు లనఁగా ముప్పదిరెండు ద్రాక్మలు. కథ యంతటితో ముగియలేదు. తీర్పు వచ్చినను బ్రతిపక్షము విడువలేదు. ట్రూఫోను దేశాధిపతియగు కాపిటోనునకుఁ బెట్టుకొన్న యర్జీలో బాలుని పేరు కానవచ్చును, అపియోను. చేతిపనివాఁడనైన నన్ను పని చేసికొననీయకున్నారని యందుఁ గలదు. బిడ్డకొఱకు వ్యాజ్యమాడు దినములలో మగ్గ మాఁగిపోవును. మగ్గ మాఁగినఁ గూడు లేదు. న్యాయస్థానమునఁ దిరుగుట యనునది పేదవానికి నేరము లేని జుల్మానా.

మూఁడేండ్లకు, క్రీ. శ. 52లో, మఱియొక పత్రము. కన్నులలో శుక్లములు క్రమ్మి చూపు మందగించినందున ట్రూఫోను అలెగ్జాండ్రియాలోఁ బరీక్షింపఁబడి విడుదల చేయఁబడెను. ప్రథమసంపాదకులు దీనిని సైనికసేవనుండి విముక్తిగాఁ గ్రహించిరి. తరువాతివారిలోఁ గొందఱు ప్రభుత్వమువారి నిర్బంధపుఁ బనులనుండి యని యందురు. ఏదైనను నేఁతగానికిఁ గన్ను పోవుట యన్ననేమో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. అప్పటి కతనికి నలువదిమూఁడు నలువదినాలుగేండ్లు.

చూపు మందగించినవాఁడు పని మానెనా? లేదు. క్రీ. శ. 54లో నమోనియసు అనువానివద్ద నొక మగ్గము కొనెను. క్రయపత్రమున మగ్గపుఁ గొలత యిట్లున్నది: నేఁతమూరలతో మూఁడు మూరలకు రెండు బెత్తలు తక్కువ. చుట్టుకఱ్ఱలు రెండు, మగ్గపుఁగాళ్లు రెండు. నేఁతగాండ్రకుఁ బ్రత్యేకమైన మూర యుండినదని యీయొక్కమాటవలనఁ దెలియుచున్నది. వెల యిరువది వెండిద్రాక్మలు. సొమ్ము చేతికిఁ జేతి కీయఁబడలేదు. సరాపిసుదేవాలయమునొద్ద నున్న సరాపియోను అనువాని బ్యాంకుద్వారమునఁ జెల్లింపఁబడెను. ఒక సాలెవాఁడు పాతమగ్గము కొనుటకు బ్యాంకువద్దకుఁ బోవుట ఆకాలపు వ్యవహారపద్ధతి యెంత దూరము సాగినదో తెలుపును. బ్యాంకునకు గ్రీకుమాట ట్రపెజా. బల్ల యని యర్థము. నాణెములు పఱచుకొని కూర్చుండు బల్లయే బ్యాంకు. శబ్దవ్యుత్పత్తి నాలుగుకాళ్లది యని. సంస్కృతమున చతుష్పాత్ శబ్దమునకు దాయాది.

ఇట్టి వ్యవహారములలోఁ దఱుచుగాఁ గనఁబడు మఱియొక మాట అర్రబోన్. తెలుఁగున సంచకరువు. సత్యశబ్దమునకుఁ గారశబ్దము పరమగునప్పుడు ముమాగమము వచ్చి సత్యంకార మేర్పడుట సూత్రసిద్ధమే. దాని వికృతియే సంచకరువు. ఆక్సిరింకసులో నీసంచకరువు ఇండ్లకును బొలములకును మాత్రమే కాదు. ఒక జాబులో, లాంపోను అను ఎలుకలు పట్టువానికి ఎనిమిది ద్రాక్మలు సంచకరువుగా నిచ్చితి నని యొకఁడు తన స్నేహితునికి వ్రాసియున్నాఁడు. ఎలుకలు చూలుతో నుండఁగనే పట్టవలెనఁట. ధాన్యపుఁ గొట్లుగల దేశమున నిది తెలివైన పనియే. ముందు సొమ్ముచేత నిచ్చుట ఎంత తెలివియో లాంపోను పని చూడక చెప్పరాదు.

మగ్గము కొన్న మఱుసటియేఁడు, క్రీ. శ. 55లో, ట్రూఫోను తల్లివైపు దాయాదియగు ప్నెఫెరోసువద్ద మూఁడంతస్తుల యింటిలో సగపాలు కొనెను. వెల ముప్పదిరెండు టాలెంటులు. ఇది రాగి. వెండి యనుకొన్నచో లక్షతొంబదిరెండువేల ద్రాక్మలై యిరువదిద్రాక్మల మగ్గముగలవాని కసంభవమగును. క్రీ. శ. 57లో నతఁడే యొకనికి ఏఁబదిరెండు ద్రాక్మలు అప్పిచ్చెను. బాకీదారుని వెంటఁబడి పత్రము రాఁబట్టుమని స్నేహితునికి వ్రాయించిన జాబును ఆకాగితముతోనే యున్నది. ఇరువదియేండ్లక్రింద స్త్రీధనము నప్పుగా వ్రాసియిచ్చినవాఁడు ఇప్పుడు ఋణదాత. చూపు తగ్గినకొలఁది పనిచేయించుటయు, అప్పిచ్చుటయు నెక్కువ చేసెనని తలఁప వీలగును. పత్రముల క్రమమున కీయూహ విరుద్ధము కాదు.

ఈవెలల నొకదానిప్రక్క నొకటి పెట్టి చూచినచోఁ గొన్ని సంగతులు వానియంతటనే తేలును. ఒకజత బంగారుపోఁగులును, ఒక మగ్గమును సమానపు వెలవి. ఎత్తుబిడ్డకుఁ బాలిచ్చినందుకు సరాయూసునకు ముట్టిన సొమ్ముతో మగ్గ మొకటి కొని, పండ్రెండు ద్రాక్మల యంగీయుఁ గొనవచ్చును. ఐతే పోఁగులనాఁటికిని మగ్గమునాఁటికిని బదియేడేండ్ల యెడ మున్నదని మఱవరాదు. ఇట్టి పోలికలను ద్రాసుగా వాడవలెను గాని కొలబద్దగా వాడరాదు.

ఇఁకఁ గడపటిపత్రము. నీరోచక్రవర్తి పదుమూఁడవయేఁడు, అనఁగాఁ గ్రీ. శ. 66. ట్రూఫోను ఇంకను వయస్సు నిండని తన కుమారుఁడు థొవోనిసును, టొలెమయోసు అను వేఱొక నేఁతగానివద్ద నొకయేఁడు పని నేర్చికొనుటకుఁ బెట్టెను. తండ్రియే నేఁతగాఁడయ్యుఁ గొడుకును బరునియొద్దఁ బెట్టనేల? చూపులేమి యొక హేతువు కావచ్చును. అదియే యంతయుఁ గాదు. క్రీ. శ. 36లో నితని తల్లి థమూనిసు తన మఱియొక కుమారుని నట్లే పరునియొద్దఁ బెట్టెను. తండ్రి కొట్టిన దెబ్బకంటెఁ బరుని కట్టుబాటు బాగుగాఁ బని నేర్పునని నేఁతవారు తలఁచిరి కాఁబోలు.

నిబంధనలు ఖచ్చితమైనవి. బాలునికిఁ గూడు, గుడ్డ, పన్నులు తండ్రి భారము. దానికై టొలెమయోసు నెలకైదు ద్రాక్మలు తిండిలెక్కలోను, ఏఁడుముగియఁగాఁ బండ్రెండు ద్రాక్మలు గుడ్డలెక్కలోను దండ్రి కియ్యవలెను. అంతయుఁ గూడ డెబ్బదిరెండు ద్రాక్మలు; సరాయూసు తెచ్చిన స్త్రీధనమంత. గడువు తీఱకుండ బాలునిఁ దీసికొనిపోరాదు. పనికి రాని దినములకు బదులు గడువు చివర నన్ని దినములు పనిచేయవలెను. లేదా దినమునకొక వెండిద్రాక్మ చెల్లింపవలెను. తిండిలెక్క దినమునకు ద్రాక్మలో నాఱవవంతు. తప్పిన దినమునకు దానికాఱురెట్లు. ఆటకుఁ బోయిన దిన మొక్కటి యాఱుదినముల తిండి. గడువులోఁ దీసికొనిపోయిన నూఱు ద్రాక్మలు జుల్మానా, మఱియొక నూఱు ప్రభుత్వమునకు. ఇవి యేకపక్షపు నిబంధనలు కావు. సరిగా నేర్పనిచో టొలెమయోసును ఆజుల్మానాలకే లోఁబడవలెను. పనివానిఁ గట్టినట్లే గురువును గట్టిన యీవాక్యము ఆపత్రమున మిక్కిలి గౌరవింపఁదగినది.

ప్రతియంశమును నెఱవేర్తునని టొలెమయోసు ఒప్పుకొన్న మాట చివరఁ గలదు. అతనికిని వ్రాఁత రాదు. అతనికి మాఱుగా జొయిలసు అనువాఁడు వ్రాలు చేసి, అక్షరము లెఱుఁగనివాఁ డగుటచే నతనికొఱకు వ్రాసితి నని చేర్చెను. ఎఱుఁగని యను నర్థమునిచ్చు గ్రీకుపదము మొదట ఏ, ఇ యను రెండక్షరములు కలసి యుండవలెను. జొయిలసు ఇకారము మాత్రమే వ్రాసెను. నాఁటికే యారెండును వాడుకలో నొక్క యికారముగాఁ బలుకఁబడుచుండెను. వ్యాకరణము లింకను వేఱుగాఁ జెప్పుచుండఁగా, అక్షరాస్యతలేని నేఁతగానికి వ్రాసిపెట్టినవాఁడు చెవికి వినవచ్చినట్లు వ్రాసెను.